కెరెన్ ఎక్కడుందండీ?

రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనవాళ్లు డంకిర్క్ అంటారు, పెర్ల్ హార్బర్ అంటారు, స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ అంటారు. అన్నీ సినిమాలుగా చూసేశాం మరి. కాస్త ఎక్కువ చదివినవాళ్లు ఎల్ అలమీన్ దాకా వెళ్తారు. కెరెన్ పేరెత్తినవాళ్లు మాత్రం నాకింతవరకు తగల్లేదు. ఏళ్ల తరబడి చరిత్ర పాఠాలు చెప్పిన ఒక పెద్దాయన్ని ఓసారి అడిగాను. "కెరెనా? అదెక్కడుందండీ?" అని నన్నే ఎదురడిగారు.

ఎరిత్రియాలో ఉందండీ. 1941 ఫిబ్రవరి 3 నుంచి మార్చి 27 దాకా, యాభై రోజులకు పైగా, అక్కడి కొండల మీద పోరాడింది ముఖ్యంగా మన సైన్యమే: నాలుగో, ఐదో ఇండియన్ డివిజన్లు. వాళ్ల పక్కనే స్కాట్లండ్, ఇంగ్లండ్ పటాలాలు కూడా ఉన్నాయి.

అప్పటి రోజులు గుర్తుచేసుకోండి. ఫ్రాన్స్ లొంగిపోయింది. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన సముద్రంలోకి తన ఓడలు వెళ్లకూడదని చట్టం కూడా చేసుకుంది. ఎర్ర సముద్రం అలాంటి ప్రాంతమే. దాని ఒడ్డున మస్సావా రేవు ఇటలీ చేతిలో ఉంది. పశ్చిమం నుంచి అస్మారాకు, అక్కణ్నించి మస్సావాకు వెళ్లే రోడ్డు కెరెన్ దగ్గర డొంగొలాస్ అనే ఇరుకు కనుమలోంచి పోతుంది. ఇటాలియన్లు కొండచరియ పేల్చి ఆ రోడ్డును బండరాళ్లతో పూడ్చేశారు. రెండు పక్కలా శిఖరాల మీద కాపు కాశారు. ఇటాలియన్లు పిరికివాళ్లని వెక్కిరించే అలవాటు ఒకటుంది గానీ, కెరెన్‌లో వాళ్లు ప్రాణాలకు తెగించే నిలబడ్డారు. వాళ్ల తరఫున పోరాడిన ఎరిత్రియా స్థానిక సైనికులను, అంటే అస్కారీలను, తలుచుకునే దిక్కు అసలే లేదు, అది వేరే గోడు.

ఆ కొండలెక్కడానికి బండి దారి లేదు. నీళ్ల డబ్బా, తూటాల పెట్టె, ఏదైనా మనిషి వీపు మీదే పైకి వెళ్లాలి. గాయపడ్డవాణ్ని మనుషులే మోసుకుంటూ కిందికి దించాలి. ఒక్కో బెటాలియన్‌లో దాదాపు పావు వంతు మంది ఈ మోతకే సరిపోయారు. మిగిలినవాళ్లు రాత్రంతా ఎక్కి, తెల్లవారేసరికి పైనుంచి దొర్లే చేతిబాంబులకు ఎదురు నిలవాలి.

రాజపుతానా రైఫిల్స్ సుబేదార్ రిఛ్‌పాల్ రామ్ సంగతి చూడండి. ఫిబ్రవరి 7 రాత్రి కంపెనీ అధికారి గాయపడితే తనే ముందుకొచ్చి ముప్పై మందితో బాయినెట్లు పట్టుకుని శత్రు స్థావరం మీదకు దూకాడు. తెల్లవారేలోపు శత్రువు ఆరుసార్లు తిరగబడితే ఆరుసార్లూ తిప్పికొట్టాడు. తూటాలు అయిపోయాక మిగిలిన కొద్దిమందినీ వెంటబెట్టుకుని వెనక్కొచ్చాడు. అయిదు రోజులకు మళ్లీ అదే కొండ. ఈసారి కుడి పాదం తెగిపోయింది. ప్రాణం పోయేదాకా తనవాళ్లను ఉత్సాహపరుస్తూనే ఉన్నాడు. విక్టోరియా క్రాస్ ఇచ్చారు, చనిపోయాక.

మార్చి నడుమ డొలొగొరొడోక్ కోట మనవాళ్ల చేజిక్కింది. మార్చి 25న పదో బ్రిగేడ్ రైలు సొరంగంలోంచి బయటికొచ్చి దాడి చేసింది. ఆ వెనకే సాపర్లు, అంటే సైన్యపు ఇంజనీరింగ్ దళం వాళ్లు, పూడిన రోడ్డు మీద బండలు తొలగించారు. మార్చి 27న ట్యాంకులు కెరెన్ చేరాయి. నాలుగో డివిజన్‌లో మద్రాస్ సాపర్స్ కంపెనీ ఒకటుండేది. తెలుగు జిల్లాల కుర్రాళ్లనూ చేర్చుకున్న దళం అది. గునపం, పార, మందుగుండు వాళ్ల ఆయుధాలు. సినిమా తీస్తే వాళ్లకు హీరో వేషం రాదు. కానీ కెరెన్‌కు దారి తీసింది సాపర్లే.

ఏప్రిల్ 1న అస్మారా, 8న మస్సావా పడిపోయాయి. 11న రూజ్‌వెల్ట్ ఎర్ర సముద్రం ఇక యుద్ధ ప్రాంతం కాదని ప్రకటించాడు. అమెరికా సరుకు నేరుగా సూయజ్ చేరడానికి దారి పడింది. ఆ తర్వాత ఎడారిలో జరిగిన పెద్ద యుద్ధాలకు ఆ సరుకే ఊపిరి. ఎల్ అలమీన్ అని గొప్పగా చెప్పుకునేవాళ్లు ఈ ముక్కను మింగేస్తారు. నాకు కడుపుమంట అందుకే.

ఇంగ్లిషువాడికి కెరెన్ ఏదో మూల జరిగిన యుద్ధం. మరి మనకో? "తెల్లదొర కోసం చచ్చినవాళ్లు" అని ఒక్క మాటతో గిరాటేశాం. 1939లో మనల్ని అడక్కుండానే వైస్రాయి మన దేశాన్ని యుద్ధంలోకి దింపాడు, నిజమే. ఆ తప్పు వైస్రాయిది. కరువు జిల్లాలోంచి జీతం కోసం పటాలంలో చేరినవాడిది ఎలా అవుతుంది? ముస్సోలినీ ఇథియోపియా మీద పడి విషవాయువు చల్లినవాడు. ఆ దేశపు చక్రవర్తి హైలే సెలాసీ 1941 మే 5న తిరిగి అడ్డిస్ అబాబాలో అడుగుపెట్టాడంటే, అందులో మన జవాన్ల రక్తం వాటా కూడా ఉంది. కన్నవాళ్లే కాదనుకున్న బిడ్డను ఊరు పట్టించుకుంటుందా?

పశ్చిమ గోదావరిలో మాధవరం అనే ఊరుంది, తాడేపల్లిగూడెం దగ్గర. రెండు ప్రపంచ యుద్ధాలకూ కొడుకులను పంపిన ఊరు. మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. అక్కడివాళ్లకు తమవాళ్లు గుర్తున్నారు. మిగతా రాష్ట్రానికే మతిమరుపు.

కెరెన్ ఊళ్లో యుద్ధ శ్మశానం ఉంది. దహనం చేసిన మన హిందూ, సిక్కు సైనికుల పేర్లు అక్కడి స్మారకం మీద చెక్కి ఉన్నాయి. విగ్రహాలు పెట్టమని నేను అడగడం లేదు. రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో డంకిర్క్‌కూ పెర్ల్ హార్బర్‌కూ మధ్య కెరెన్ గురించి నాలుగు వాక్యాలు రాయండి. పిల్లలకు మ్యాపులో ఎరిత్రియా చూపించండి. ఈసారి ఎవరైనా "అదెక్కడుందండీ" అని అడిగితే వాళ్లే చెబుతారు.