దూరపు కొండలు, చేరువ గుండ్లు

దూరపు కొండలు నునుపను సామెత మనవారి నోటనే యున్నది గాని నడతలో లేదు. హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేటల యందు క్రొత్తగా మేడలు కట్టుకొన్న కలిమిగలవారిలో కొందరు పెరూ, ఈక్వెడారు దేశములకు పోయి, ఆండీస్ పర్వతములను, స్పెయిన్ దొరలు కట్టిన పట్టణములను చూచి వచ్చుచున్నారు. పోవుట తప్పని మేమనము. ఏమి చూచితిరని యడిగిన, ఛాయాపటములు చూపి యూరకుండుటయే మా యాక్షేపణకు విషయము.

కుస్కో పట్టణములోని శాంతో దొమింగో మఠము ఇంకాల సూర్యాలయమైన కోరికాంచ గోడలపై కట్టబడినది. 1650వ సంవత్సరపు భూకంపమున పై కట్టడము కూలినది; క్రింది ఇంకా గోడలు నిలిచినవి. అరెకీపా పట్టణము అగ్నిపర్వతపు తెల్లరాతితో నిర్మితము. ఆ రాతిని తొలిచి మోసినవారెవరు? పొటోసీ వెండిగనులలో వెట్టికి ఈడ్వబడినవారెవరు? ఈ ప్రశ్న నడుగని యాత్రికుడు గోడల సున్నమును చూచినవాడే గాని పట్టణమును చూచినవాడు కాడు.

ఈ ప్రశ్న మనకు ఇంటనే అలవడవలెను. శామీర్‌పేట నుండి నగరమునకు పోవు బాట అల్వాల్, తిరుమలగిరుల మీదుగా సికింద్రాబాదు కంటోన్మెంటును చేరును. అదియు పరదేశీయుల దండుపట్టణమే గదా! 1798లో నిజాము ఇంగ్లీషు కంపెనీతో సైన్యసహకార సంధి చేసికొనెను. ఆ సైన్యపు వ్యయమునకై 1800లో బళ్లారి, కడప మున్నగు సీమలు కంపెనీ వశమయ్యెను. 1806లో ఆ దండు నిలిచిన చోటికి సికందర్ జా పేర సికింద్రాబాదని పేరిడిరి. రాయలసీమకు దత్తమండలమను పేరు వచ్చుట కీ బేరమే హేతువు. నిత్యము ఆ బాటను పోవువారిలో దీని నెరిగినవారెందరు?

ఇక అగ్నిపర్వతముల మాట. మేడ్చల్ మీదుగా మన్మాడునకు పోవు రైలుమార్గము దక్కను లావా పొరల మీదికి కొనిపోవును. సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట నేల పగుళ్ల నుండి పొంగి పరచుకొన్న శిల యది. ఎల్లోరా కైలాసము దానిలో తొలిచినదే. మన గుండ్లు అంతకంటెను వృద్ధులు. సుమారు 250 కోట్ల యేండ్ల క్రిందట భూగర్భమున కరగిన శిల చల్లారి యేర్పడినవి. వానయు నెండయు చెక్కి గుండు మీద గుండు నిలిపినవి. వీనిని మనము మందు పెట్టి పేల్చి కంకర చేయుచున్నాము!

ఇండ్లకు కంకర వలదా యని కొందరందురు. వలయును. అందుకై ప్రతి గుట్టను కూల్పవలెనా? రాళ్లను రక్షించుటకు 1996లో హైదరాబాదున నొక సంఘము వెలసినది. ఒక్క సంఘము ఎన్ని గుట్టలకు కాపుండగలదు? ప్రతి యూరును తాను ముట్టరాని గుట్టలను నిర్ణయించి వ్రాసి పెట్టవలెను. ఉపాధ్యాయులు పిల్లలను వాని యొద్దకు కొనిపోయి బోధింపవలెను. ఆండీస్ చూచి వచ్చినవారు ఈ పనికి ముందు నిలువవలెను. పరదేశపు శిలకు నమస్కరించి, ఇంటి శిలకు సమ్మెట పంపువాని యాత్ర వట్టి వ్యయము.