బండిని ఎవరు పట్టుకోవాలి?

ఆదివారం ఉదయం. మీ ఇంటి ముందు మోటారు సైకిలు కడగడం అయింది. ఇక చైను తుడిచి నూనె వెయ్యాలి. చక్రం తిరిగితే గాని చైను అంతటికీ నూనె అందదు. చక్రం తిరగాలంటే అది నేలకు తగలకుండా ఉండాలి. అప్పుడు మీకు పిలుపు వస్తుంది: "ఒరేయ్, ఇలా వచ్చి కాస్త బండి పట్టుకో!"

మీరు పరుగున వెళ్లి పట్టుకుంటారు. పెద్దవాళ్ల పనిలో మనకూ వాటా దొరికిందని సంబరం కూడానూ! ఆ సంబరం నాకూ తెలుసు. అయినా చెబుతున్నాను, బండిని పట్టుకోవలసింది మీరు కాదు. మీరే కాదు, మీ నాన్నగారూ కాదు. ఆ పని స్టాండుది.

నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో మా చిన్నాన్నకు ఒక పాత మోటారు సైకిలు ఉండేది. దాని సెంటరు స్టాండు తుప్పు పట్టి విరిగింది. వెల్డింగు చేయించడానికి బద్ధకించి, దాన్ని విప్పి అటక మీద పడేశారు. చైను తుడవాల్సి వచ్చినప్పుడల్లా బండిని సైడు స్టాండు మీదికి ఇంకాస్త వంచేవారు. వెనక చక్రం నేల మీంచి లేచేది. అలా వంచి పట్టుకోవడం నా వంతు. ఒక రోజు నా చేతులు చెమటకు జారాయి. తిరుగుతున్న చక్రం నేలను తాకింది. బండి ముందుకు కదిలింది, సైడు స్టాండు వెనక్కి ముడుచుకుంది, బండి పక్కకు పడింది. ఆ క్షణంలో చిన్నాన్న చూపుడు వేలు చైనుకూ పళ్ల చక్రానికీ మధ్య ఉంది. ఆ వేలు ఈనాటికీ పూర్తిగా ముడవదు.

నేను గట్టిగా పట్టుకోలేదని ఇంట్లో అందరూ అన్నారు. చాలా ఏళ్లు నేనూ అదే నమ్మాను. తరవాత భౌతికశాస్త్రం చదువుకున్నాక గాని అసలు సంగతి తెలియలేదు.

ఏమిటా సంగతి? మూడు కాళ్ల పీటను చూడండి. ఎగుడు దిగుడు నేల మీద కూడా చక్కగా నిలుస్తుంది. మూడు కాళ్లనూ గీతలతో కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. పీట బరువంతా ఒకే చోట ఉన్నట్టు లెక్క వేసుకునే బిందువును గరిమనాభి అంటారు. గరిమనాభి నుంచి నిట్టనిలువుగా కిందికి గీసిన గీత ఆ త్రిభుజం లోపల పడినంత వరకు పీట పడదు. సైడు స్టాండు వేసిన బండికి కూడా ఇలాంటి త్రిభుజం ఉంది: రెండు చక్రాలు, స్టాండు కాలు. మరి వెనక చక్రం పైకి లేపేస్తే? మిగిలినవి రెండే బిందువులు. రెండు బిందువులతో త్రిభుజం రాదు, ఒక గీత వస్తుంది. గీత మీద నూటపాతిక కిలోల ఇనుమును నిలపమని పన్నెండేళ్ల పిల్లవాడికి అప్పగించారన్నమాట! నా స్థానంలో ఏ పహిల్వాను ఉన్నా ఏదో ఒక రోజు చెయ్యి జారేదే.

మీరే ఒక ప్రయోగం చేసి చూడండి. ఖాళీ చెప్పుల పెట్టె ఒకటి తీసుకోండి. పొడుగ్గా, సన్నగా ఉండే పక్క మీద కర్ణాలు గీసి, అవి కలిసిన చోట గుండుసూది గుచ్చండి. సూదికి ఒక దారం కట్టి, దారం చివర చిన్న నట్టు వేలాడదీయండి. పెట్టెను నిలువుగా నిలబెట్టి, సూది ఉన్న పక్క మీకు ఎదురుగా ఉండేటట్టు చూసుకుని, మెల్లగా పక్కకు వంచండి. దారం పెట్టె అడుగు మూలను దాటిన క్షణంలోనే పెట్టె పడిపోతుంది. ఇప్పుడు పెట్టెను పడుకోబెట్టి అలాగే వంచండి. ఈసారి ఎంత ఎక్కువ వంచాల్సి వచ్చిందో చూశారా? అడుగు వెడల్పుగా, గరిమనాభి కిందుగా ఉండాలి. స్టాండు కొనేటప్పుడు దుకాణంలో చూడవలసింది ముందుగా ఇదే. "ఇది ఇన్ని కిలోలు మోస్తుందండీ" అని దుకాణదారు చెప్పే మాట తరవాత. హీరో స్ప్లెండర్ ప్లస్ దాదాపు 112 కిలోలు ఉంటుంది, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 దాదాపు 195 కిలోలు. ఈ బరువులు మొయ్యడం ఇనుప గొట్టానికి పెద్ద కష్టం కాదు. పక్కకు ఒరగకుండా నిలపడమే కష్టం.

సెంటరు స్టాండు ఉన్న బండికి ఇంట్లో వేరే స్టాండు అక్కర్లేదని నా అభిప్రాయం. దాని రెండు పాదాలూ, నేల మీద ఉన్న చక్రమూ కలిసి మంచి త్రిభుజం అవుతాయి. పైగా అందులో ఒక తమాషా ఉంది. స్టాండు కాళ్లు నిట్టనిలువు గీతను కొంచెం దాటి ఆగిపోతాయి. అందుచేత బండి బరువే స్టాండును ఇంకా బిగించి ఉంచుతుంది. వేసేటప్పుడు చాలామంది బండిని చేతులతో పైకి గుంజి నడుం పట్టించుకుంటారు. ముందు రెండు పాదాలూ నేలను తాకేటట్టు చూసుకుని, కాలితో తొక్కే కడ్డీ మీద ఒంటి బరువంతా వెయ్యాలి. అది ఒక తులాదండం. బరువెత్తే పని అదే చూసుకుంటుంది, చేతులు దారి చూపితే చాలు.

2012లో మన దేశంలోకి వచ్చిన కె.టి.ఎం. 200 డ్యూక్ లాంటి బండ్లకు సెంటరు స్టాండు ఉండదు. అలాంటి వాటికి పాడక్ స్టాండు అని ఒకటి దొరుకుతుంది. లాగుడు బండి కాడిలా వంగిన గొట్టం, రెండు చిన్న చక్రాలు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీకి కింద ఆనే రెండు కొక్కేలు. ఇదీ తులాదండమే. కొక్కేనికీ చిన్న చక్రానికీ 12 సెంటీమీటర్ల దూరం, పిడికి 60 సెంటీమీటర్ల దూరం ఉందనుకోండి. అప్పుడు వెనక చక్రం మీద పడే 60 కిలోల బరువును లేపడానికి 12 కిలోల బలం చాలు. ఊరికే వస్తుందా? రాదు. చక్రం 5 సెంటీమీటర్లు లేవాలంటే పిడి 25 సెంటీమీటర్లు దిగాలి. అయితే దీన్ని వేసేటప్పుడు బండిని నిటారుగా పట్టుకోవడానికి రెండో మనిషి ఉండాలి, ఆ మనిషి పెద్దవాడై ఉండాలి. ముందు బ్రేకు లీవరును పాత ట్యూబు ముక్కతో హ్యాండిలుకు కట్టేస్తే బండి ముందుకు జారదు.

ఇక బల్లలాగా పైకి లేచే హైడ్రాలిక్ లిఫ్టు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కాదనను. పాస్కల్ సూత్రాన్ని పాఠంలో చదివే ఉంటారు. ఆ సూత్రంతో పనిచేసే ప్రెస్సుకు ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లోనే పేటెంటు తీసుకున్నాడు. రోజుకు పది బండ్లు విప్పే మెకానిక్కుకు అది కావాలి, లేకపోతే ఆయన నడుం ఏమైపోను? నెలకోసారి చైను తుడిచే ఇంటికి ఎందుకు? 112 కిలోల బండిని 5 సెంటీమీటర్లు లేపితే మనం దానికి ఇచ్చిన శక్తి 55 జౌళ్లు. 75 సెంటీమీటర్లు లేపితే 823 జౌళ్లు. బండి పడితే ఆ శక్తంతా ఎవరి కాలి మీదికి వస్తుంది? ఇంట్లో భోజనాల పీట ఉండనే ఉంది. దాని మీద కూర్చుంటే చైను ఎదురుగానే కనిపిస్తుంది.

కారు జాకీని ఇంజను కింద పెట్టి లేపేవాళ్లను కూడా చూశాను. ఇంజను అడుగు అల్యూమినియం పోత, పగిలిందంటే నూనె అంతా నేలపాలు. పైగా జాకీ తల అరచేతంత కూడా ఉండదు. ఇటుకల దొంతర సంగతి చెప్పనే అక్కర్లేదు.

నేల సంగతి మరిచిపోకండి. మే నెల ఎండలో తారు రోడ్డు మీద సైడు స్టాండు దిగబడి బండ్లు పడిపోవడం మీరు చూసే ఉంటారు. బరువు అంతే, అది ఆనిన చోటు చిన్నది, అందుకే పీడనం ఎక్కువ. వాన తరవాత నల్లరేగడి వాకిట్లో సెంటరు స్టాండుదీ అదే గతి. కింద ఒక చెక్క వేస్తే సరి. నున్నటి షాబాదు బండల మీద నూనె ఒలికితే మాత్రం ముందు ముగ్గు పొడో, ఇసుకో చల్లి తుడవండి.

స్టాండు ఎంత మంచిదైనా, ఇంజను నడుస్తూ గేరులో ఉండగా చైను దగ్గరికి గుడ్డ గాని, వేలు గాని పోకూడదు. చక్రం చేత్తోనే తిప్పాలి. తాళం చెవి తీసి ఎవరి జేబులోనన్నా వేసుకోవాలి. ఆ జేబు మీదైతే మరీ మంచిది.

మా చిన్నాన్న చేతికి కట్టు విప్పిన వారానికి మా నాయనమ్మ పట్టుబట్టి అటక మీంచి ఆ స్టాండును దింపించింది. వెల్డింగు అరగంట పని. ఆ తరవాత కూడా ఆదివారాలు నన్ను పిలుస్తూనే ఉండేవారు. నేను కాస్త ఎడంగా కూర్చుని, అడిగిన నంబరు స్పానరు అందించేవాణ్ణి.