గేటు బయట క్యారల్స్

ఈసారి మా ఇంట్లో క్రిస్మస్ గొడవతో మొదలైంది. డిసెంబర్ మొదటి వారంలో అమ్మ "కృతజ్ఞత కూడిక పెట్టుకుందాం" అంది. నాన్న వద్దన్నాడు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఇంట్లో ఒక మంచి జరిగితే, అంటే ఉద్యోగం రావడమో, కాన్పు క్షేమంగా అవడమో, ఆపరేషన్ నుంచి కోలుకోవడమో జరిగితే, అయ్యగారిని, సంఘం వాళ్లని పిలిచి పాటలు పాడి, ప్రార్థన చేయించి, భోజనం పెడతాం. ఇంటి పెద్ద లేచి సాక్ష్యం చెప్తాడు. గండం గడిచాక పెట్టుకునే కూడిక అది. మధ్యలో ఎవరూ పెట్టరు.

నాన్న ఇంకా మధ్యలోనే ఉన్నాడు.

ఆగస్టులో తగ్గని జ్వరం, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. తెనాలిలో అందరం డెంగీ అనుకున్నాం. గుంటూరు తీసుకెళ్లి బోన్ మారో టెస్ట్ చేయిస్తే అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అన్నారు. బ్లడ్ క్యాన్సర్‌లో వేగంగా ముదిరే రకం. మొదటి విడత కీమో అయ్యాక మళ్లీ మారో తీసి, రిమిషన్ వచ్చిందని చెప్పారు. ఆ మాటకి అమ్మ ఆస్పత్రి వరండాలోనే మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. డాక్టర్ గారు మాత్రం ఇంకో మాట కూడా అన్నారు: "జబ్బు కణాలు ఇప్పుడు దాదాపు కనిపించట్లేదు, అంతే. నయమైనట్టు కాదు. తిరగబెట్టకుండా ఇంకా కొన్ని విడతలు కీమో ఇవ్వాలి."

అమ్మ మొదటి మాట పట్టుకుంది. నాన్న రెండోది పట్టుకున్నాడు.

"నయం కాకుండానే కృతజ్ఞత ఏంటే? దేవుడికి అడ్వాన్స్ ఇస్తున్నామా?" అన్నాడు. నాన్న ఎలక్ట్రీషియన్. పని పూర్తయ్యి లైటు వెలిగాకే డబ్బులు తీసుకునే మనిషి.

"అడ్వాన్స్ కాదండీ, పాత బాకీ" అంది అమ్మ.

నేను ఎవరి వైపూ మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే నాకు కోపంగా ఉండేది. ఫోన్ చేసి "అంతా దేవుడి ప్లాన్" అనే బంధువుల నంబర్లు మ్యూట్‌లో పెట్టేశాను. జబ్బుకి థాంక్స్ చెప్పమంటే నావల్ల కాదు. ఇప్పటికీ కాదు.

అయినా ఆ బాకీ ఎవరికో నాకు తెలుసు. డెంగీ సీజన్ల పుణ్యమా అని ప్లేట్‌లెట్స్ అనే మాట మనందరికీ వచ్చేసింది. మామూలుగా లక్షన్నర పైన ఉండాలి. కీమో తర్వాత నాన్నకి పది వేల కిందకి పడిపోయేవి. అప్పుడు ఎస్‌డీపీ, అంటే ఒకే దాత నుంచి మిషన్‌తో తీసిన ప్లేట్‌లెట్స్ ఎక్కించాలి. దాత చేతిలోంచి రక్తం మిషన్‌లోకి వెళ్తుంది, అది ప్లేట్‌లెట్స్ తీసుకుని మిగతా రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపిస్తుంది. గంట, గంటన్నర పడుతుంది. మధ్యలో పెదాలు చిమచిమలాడితే కాల్షియం బిళ్ల ఇస్తారు. ఇచ్చినవాళ్లకి కొద్ది రోజుల్లోనే మళ్లీ తయారవుతాయి. కానీ తీసిన ప్లేట్‌లెట్స్ ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు. ముందే తీసి దాచుకుందామంటే కుదరదు. వానైనా పండగైనా, ఆ వారానికి ఎవరో ఒకరు రావాల్సిందే.

మాకు వచ్చారు. నాలుగు నెలల్లో పదకొండు మంది. మా చర్చి క్యారల్స్ బ్యాచ్ కుర్రాళ్లు ఐదుగురు, నాన్న దగ్గర పని నేర్చుకునేవాళ్లు ఇద్దరు, నా ఆఫీసు ఫ్రెండ్ ఒకడు. మిగతా ముగ్గురు వాట్సాప్ మెసేజ్ చూసి వచ్చినవాళ్లు, ముక్కూ మొహం తెలియదు. ఒకడికి సూది అంటే ఎంత భయమంటే, మిషన్ ఆగేదాకా కళ్లు తెరవలేదు. పది రోజులకి మళ్లీ వచ్చాడు.

కొత్త విడత కీమో డిసెంబర్ 12తో ముగిసింది. అంటే కౌంట్స్ బాగా పడిపోయేది సరిగ్గా క్రిస్మస్ వారంలో. ఇంట్లో జనం ఉండకూడదు. పువ్వులు, కోసిన పళ్లు, పచ్చి కూరలు వద్దు. జ్వరం 100.4 వచ్చిందంటే అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరిగెత్తాలి. థర్మామీటర్ నా జేబులోనే ఉండేది. పలావులోకి పచ్చి ఉల్లిపాయ, నిమ్మచెక్క లేదన్నందుకు నాన్న జబ్బు బయటపడిన రోజు కంటే ఎక్కువ బాధపడ్డాడు.

చివరికి అమ్మే దారి కనిపెట్టింది. 24 రాత్రి క్యారల్స్ వాళ్లు ఎలాగూ మన వీధికి వస్తారు కదా, గేటు బయటే కూడిక అంది. నాన్న సరే అనలేదు, వద్దనీ అనలేదు. సాయంత్రం మాత్రం కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని, డాబా మీద స్టార్ కడుతున్న తన కుర్రాళ్ల మీద కేకలేశాడు. "జాయింట్‌కి టేప్ చుట్టరా! మంచు పడుతుంది!"

రాత్రి పదకొండింటికి కీబోర్డు పెట్టుకున్న ఆటో వచ్చింది. అందరికీ మాస్కులు. నాన్న వరండాలో శాలువా కప్పుకుని, తనూ మాస్కుతో కూర్చున్నాడు. మధ్యలో పదిహేను అడుగుల ఖాళీ. రెండు పాటలయ్యాక అయ్యగారు ప్రార్థన చేశారు. ఆయన అంత చిన్న ప్రార్థన చేయడం నేనెప్పుడూ వినలేదు.

సాక్ష్యం అడగొద్దని ముందే అనుకున్నాం. నాన్నే లేచాడు. జేబులోంచి పాత ల్యాబ్ రిపోర్ట్ తీసి, వెనకవైపు చూసి చదవడం మొదలుపెట్టాడు. పేర్లు, పక్కనే తారీకులు. పేరు తెలియని చోట "సెప్టెంబర్ 9, ఎర్ర చొక్కా అబ్బాయి" అని చదివాడు. తర్వాత రాత్రి డ్యూటీ నర్సమ్మ. జ్వరంతో గుంటూరు తీసుకెళ్లి డబ్బులు తీసుకోని ఆటో తమ్ముడు. ఆస్పత్రిలో పక్క బెడ్ పెద్దాయన దగ్గర కాసేపు ఆగాడు. ఆయన అక్టోబర్‌లో పోయారు.

"నాకు తగ్గిందని చెప్పట్లేదు. ఇంకా విడతలున్నాయి. ఇప్పటిదాకా లెక్క ఇది" అని కూర్చున్నాడు.

ఎవరూ ఏమీ అనలేదు. సూది భయం కుర్రాడే గేటు అవతల నుంచి, "బాబాయ్, మళ్లీ ఎప్పుడు రావాలో ముందే చెప్పు, షిఫ్ట్ మార్చుకోవాలి" అన్నాడు. అమ్మ గేటు మీదుగా పలావు పొట్లాలు అందించింది. ఉల్లిపాయ, నిమ్మచెక్క వాళ్లవాటిలో ఉన్నాయి. నాన్న అవే చూస్తున్నాడు.

జనవరి మొదటి వారంలో మళ్లీ అడ్మిషన్. స్టార్ ఇంకా దింపలేదు. ఒక బల్బు మిణుకుమిణుకుమంటోంది, తనే చూసుకుంటాను, ఎవరూ ముట్టుకోవద్దన్నాడు.