సీ డ్రైవ్ యాడుందని వెతకద్దు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయినాక కర్నూలులో మా హాస్టల్ పాత కంప్యూటర్లకు లినక్స్ మింట్ వేసుకున్నాం. "సీ డ్రైవ్ యాడన్నా?" అని జూనియర్లు అడుగుతున్నారు. విండోస్ లెక్క కనపడే థీమ్ వేద్దామని కొందరి మాట. మాకది నచ్చలే. రంగు మారితే ఫైలు దొరుకుతుందా?

నెమోలో కావాల్సిన ఫోల్డర్ తెరిచి కంట్రోల్, డి కలిపి నొక్కితే అది ఎడమపక్క పట్టీలో నిలబడిపోతుంది. కుల ధ్రువీకరణ, ఆదాయం, జ్ఞానభూమి అని పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఎఫ్3 నొక్కితే రెండు ఫోల్డర్లు పక్కపక్కనే తెరుచుకుంటాయి, పెన్‌డ్రైవ్ పనికి ఇదే సుఖం.

ఈ పట్టీ ఎవరి లాగిన్‌కు వాళ్లదే. అందుకే అందరికీ ఒకే లాగిన్ వద్దంటున్నాం. స్కాలర్‌షిప్ ఆఖరి రోజు సర్టిఫికెట్ దొరక్కపోతే, మళ్లీ తేవడానికి తండాకో గూడేనికో బస్సెక్కాల్సింది మనమే. ఈ ఆదివారం జూనియర్లకు వేరే వేరే లాగిన్లు చేసిద్దాం.