నాగార్జునకొండ మీద నాగార్జునుడెక్కడ?

తెలుగువాళ్ళలో నాగార్జునకొండ పేరు విననివారు తక్కువ. ఆ దీవి గురించి చెప్పుకునే మాటల్లో వేటికి సాక్ష్యం ఉంది, వేటికి లేదు అని అడిగినవారు ఇంకా తక్కువ. అలా అడగడం హేతువాదుల పని. కాని ఈ విషయంలో మనవాళ్ళు కూడా అడగడం మానేసి కథలు చెబుతున్నారు. అందుకే ఈ వ్యాసం.

ముందు భూగోళం చూద్దాం. ఇది నదిలో తనంతట తాను ఏర్పడిన లంక కాదు. మూడు పక్కల నల్లమల గుట్టలు, నాలుగో పక్క కృష్ణ, మధ్యలో లోయ, ఆ లోయలో ఒక కొండ. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ డ్యాముకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. లోయ మునిగిపోయింది. కొండ పైభాగం మాత్రం నీటి మీద మిగిలింది. అదే ఇప్పటి దీవి, ఇప్పటి లెక్కలో పల్నాడు జిల్లా. అక్కడ ఊరంటూ లేదు. లాంచీలో వెళ్ళి, మ్యూజియం చూసి, లాంచీలోనే తిరిగి రావాలి.

ఇక చరిత్ర. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఆ లోయలో పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వించాడు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్ళీ తవ్వారు. డ్యాము ఖాయమయ్యాక, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో వందకు పైగా స్థలాల్లో తవ్వకాలు జరిగాయి. మునిగిపోయే కట్టడాల్లో తొమ్మిదింటిని తెచ్చి కొండ మీద తిరిగి కట్టారు. మరికొన్నింటిని ఒడ్డున అనుపు దగ్గర కట్టారు. అంటే ఈరోజు దీవి మీద స్తూపం ముందు నిలబడి ఫోటో తీసుకునేవాడు, ఆ స్తూపం పుట్టిన చోట నిలబడలేదు. ఆ చోటు నీళ్ళ అడుగున ఉంది. ఈ మాట ఎంతమంది గైడ్లు చెబుతున్నారు?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆచార్య నాగార్జునుడు ఇక్కడ ఉన్నాడా? ఇక్కడ విశ్వవిద్యాలయం నడిపాడని టూరిజం కరపత్రాలు చెబుతాయి. మన సభల్లో వక్తలూ చెబుతారు. కాని లోయలో దొరికిన ఇక్ష్వాకుల శాసనాల్లో ఒక్కదాంట్లోనూ ఆయన పేరు లేదు. అప్పట్లో ఊరి పేరు విజయపురి, కొండ పేరు శ్రీపర్వతం. నాగార్జునాచార్యుని పేరున్న శాసనం ఒకటి జగ్గయ్యపేటలో ఉంది గాని, అది కొన్ని శతాబ్దాల తర్వాతిది. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ నాగార్జునుని కోసం రాజు కట్టించిన కొండ విహారం గురించి రాశాడు. అది ఇదే కొండ అని రుజువు చేసినవారు లేరు. కాబట్టి ఆయన ఇక్కడికి రాలేదని నేననడం లేదు. వచ్చాడనడానికి ఆధారం లేదంటున్నాను. ఈ రెంటికీ తేడా తెలియకపోతే హేతువాదం ఎందుకు?

రెండో కథ మనవాళ్ళకు ఇంకా ఇష్టం. శంకరాచార్యుడు వచ్చి ఈ ఆరామాలను కూలగొట్టించాడని. దీన్ని పుస్తకానికెక్కించింది లాంగ్‌హర్స్టే. అయితే ఆయన రాసింది స్థానికులు అలా చెప్పుకుంటారని. లోయలోని భూములు శంకరాచార్య పరంపర మఠం కింద ఉండేవని కూడా ఆయనే రాశాడు. కథ ఎక్కడ పుట్టి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇక్ష్వాకుల పాలన నాలుగో శతాబ్దం మొదట్లోనే ముగిసింది. దానితో ఆరామాల పోషణా పోయింది. శంకరుడిది ఎనిమిదో శతాబ్దం అంటారు. కట్టడాలు దారుణంగా ధ్వంసమైన మాట నిజమే. నిధుల కోసం తవ్వినవాళ్ళూ ఉన్నారు. కాని ఎవరు ఎప్పుడు ఎంత పగలగొట్టారో రాళ్ళు చెప్పడం లేదు. గిట్టనివాడి మీద నేరం మోపడానికి గిట్టకపోవడం సాక్ష్యం కాదు.

ఈ కథలు తీసేస్తే దీవిలో ఏం మిగులుతుందని కొందరు మిత్రులు అడగవచ్చు. మిగిలేదే ఎక్కువ. మహాచైత్యం స్తంభాల మీద దానం చేసినామె పేరు చాంతిసిరి. ఆమె అన్న శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన రాజు. బౌద్ధ స్తంభం మీదనే ఆ యజ్ఞాల ప్రశంస చెక్కి ఉంది! అన్న యజ్ఞం చేస్తే చెల్లెలు స్తూపం కట్టించింది. ఉజ్జయిని నుంచి వచ్చిన రాణి దానం చేసింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, తామ్రపర్ణి పేర్లున్నాయి. రోమన్ బంగారు నాణేలు దొరికాయి. మెట్ల వరుసలతో కట్టిన క్రీడారంగం దొరికింది. తర్వాతి రాజుల కాలంలో అదే లోయలో కార్తికేయుడికి, శివుడికి గుళ్ళూ వెలిశాయి. ఇరుపక్షాల కథలకూ ఇమడని చరిత్ర ఇది. ఒక్క ఇంట్లోనే రెండు మతాలు ఇమిడాయి. స్త్రీలు తమ పేరు మీద దానాలిచ్చి, ఆ పేరు రాతి మీద రాయించుకున్నారు. మన పాఠ్యపుస్తకాలు చాంతిసిరి పేరు పిల్లలకు ఎంత గట్టిగా చెబుతున్నాయి?

ఢిల్లీలో ఉండే తెలుగువాళ్ళకు ఇంకో సంగతి. ఈ లోయ సున్నపురాతి శిల్పాలు కొన్ని జనపథ్‌లోని నేషనల్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. కట్టడాలు కొండెక్కాయి, శిల్పాలు రాజధానికి వచ్చాయి, లోయలో ఉన్న పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్ళ జనం ఇళ్ళూ పొలాలూ వదిలి వెళ్ళారు. డ్యాము వద్దనడం నా ఉద్దేశం కాదు. ఆ నీళ్ళతో లక్షల ఎకరాలు పండాయి. అయితే దాని వెల ఎవరు చెల్లించారో కూడా దీవి చరిత్రలో భాగమే. నాగార్జునుడి కథకు దొరికే చోటులో సగమైనా వాళ్ళకు దొరకాలి.

నేను కోరేది చిన్నది. తిరిగి కట్టిన ప్రతి కట్టడం దగ్గర అసలు చోటు ఎక్కడుందో తెలుగులో ఒక బోర్డు. శాసనాలకు తేట తెలుగు అనువాదం. నాగార్జునుని గురించి రాసేటప్పుడు 'సంప్రదాయం ప్రకారం' అనే రెండు మాటలు. ఇవి ప్రభుత్వం చేయాల్సినవి. మనం చేయాల్సింది ఇంకా సులువు. స్థలపురాణాలకు రుజువు అడిగే నోటితోనే, మనకు నచ్చిన కథలకూ రుజువు అడుగుదాం.