చెత్తలోని సంపద ఎవరిది?

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో ఊరి చివర, చెరువుగట్టు దిగువనో శ్మశానము దారిలోనో, రేకుల కప్పు గల షెడ్డొకటి తరచు కనిపించును. దానిపై "చెత్త నుండి సంపద తయారీ కేంద్రము" అని పెద్ద అక్షరములతో వ్రాసియుండును. కొన్ని యూళ్ళలో లోపలి తొట్లలో వానపాములు ఎరువు చేయుచుండును; ఒక మూల ప్లాస్టిక్కు సంచులు మూటగట్టి యుండును. మరికొన్ని యూళ్ళలో తలుపునకు తాళము, గోడచుట్టును పిచ్చిమొక్కలు. మంచి యుద్దేశముతో కట్టిన షెడ్లు ఒకచోట నడచి వేరొకచోట నడవకపోవుటకు కారణమును అధికారుల శ్రద్ధలోను, ప్రజల అలవాట్లలోను వెదకుట పరిపాటి. కాని బోర్డుపై నున్న 'సంపద' అను మాటలోనే కొంత చిక్కు కలదు.

ఆ మాట ఒకప్పుడు అబద్ధము కాదు. ఈ ప్రాంతపు రైతు పశువుల ఎరువును గత్తమనును. పేడ, బూడిద, మిగిలిన గడ్డి, రాలిన ఆకు, ఇల్లూడ్చిన కసవు, అన్నియు ఒక కుప్పగా మాగి తొలకరికి ముందు బండ్లమీద పొలమునకు పోయెడివి. కుప్ప ఎంత పెద్దదో ఆ యింట పశువులన్ని ఉన్నవని అర్థము. పెండ్లి భోజనముల విస్తళ్ళు సైతము అందులోనే కలిసిపోయెడివి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురము కొండలలో గిరిజన స్త్రీలు కోసి తెచ్చిన అడ్డాకులతో కుట్టిన విస్తళ్ళవి; ఆ యాకు వారికి కూడు పెట్టినది. గోగునారతో పేనిన త్రాళ్ళు, నెల్లిమర్ల మిల్లులో నేసిన గోనెసంచులు మరికొన్ని కుటుంబములకు పెట్టినవి.

ప్లాస్టిక్కు వచ్చి ఆ విస్తరి స్థానమును, ఆ త్రాటి స్థానమును, ఆ సంచి స్థానమును చాలవరకు ఆక్రమించినది. కొన్ని సరకులకు జనపనార సంచులనే వాడవలెనని 1987లో పార్లమెంటు చట్టము చేయవలసి వచ్చినదనగా పోటీ ఎంత తీవ్రమో ఊహింపవచ్చును. పల్లె జీవనోపాధులను మ్రింగిన ఆ ప్లాస్టిక్కునే ఏరుకొని బ్రతుకుడని ఇప్పుడు పల్లెకు చెప్పుచున్నారు. చెప్పుట తప్పు కాదు; కాని లెక్క సరిగా చెప్పవలెను.

సారవకోట మండలములోని బుడితి గ్రామము కంచు, ఇత్తడి పనికి పేరు పొందినది. చిల్లుపడిన చెంబును అచటి పనివాడు కరగించి మరల చెంబు చేయగలడు. ఎన్నిమార్లు కరగినను లోహము లోహముగానే యుండును, తూకమునకు తగిన వెల పలుకును. అందుచేతనే పగిలిన కంచుగిన్నెను వీథిలో పారవేసిన ఇల్లాలు ఏ యూరిలోను లేదు. ప్లాస్టిక్కు అట్టిది కాదు. కరగించినకొలది దాని బలము తగ్గును; నీళ్ళసీసా సాధారణముగా దారపుపోగుగా మారును గాని, మరల మరల సీసా కాజాలదు. పైగా ప్లాస్టిక్కులన్నియు ఒక జాతివి కావు. సీసా ఒకటి, బకెట్టు మరియొకటి, పాలసంచి ఇంకొకటి. అన్నిటిని కలిపి కరగించినచో దేనికిని సరిగా పనికిరావు. బిస్కత్తు పొట్లము మరింత చిక్కు. పలుచని పొరలను, కొన్నిటిలో అల్యూమినియపు పొరను గూడ, ఒకదానికొకటి అంటించి చేయుదురు. వాటిని విడదీయు ఉపాయము పల్లెలో లేదు, పట్టణములోను దాదాపు లేదు. లీటరు సీసాలు నలుబదియో యేబదియో చేరినచో కిలో తూగును. షాంపూ పొట్లములైనచో సుమారు వేయి ఏరవలెను. ఏరినను కొనువాడు లేడు.

కొనువాడెవడో పల్లెకు తెలియును. సైకిలుపైనో, ఇటీవల ఆటోలోనో వచ్చి, పాత బకెట్టు, విరిగిన కుర్చీ, ఖాళీ సీసాలు తీసికొని ఉల్లిపాయలిచ్చి పోవు వర్తకుడు ప్రభుత్వ పథకములు పుట్టకముందే ఈ విద్యను నడపినవాడు. వెల గలదానిని అతడు కొనిపోవును. వెల లేనిది పంచాయతీ షెడ్డునకు చేరును. మీగడ తీసిన పాలనుండి వెన్న తీయుమని అడిగినట్లున్నది ఇది. 2017లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన లెక్క ప్రకారము, 2015 వరకు ప్రపంచమున వ్యర్థమైన ప్లాస్టిక్కులో నూటికి 9 పాళ్ళే పునర్వినియోగమునకు వచ్చినవి. సంపన్న దేశముల యంత్రములను కలుపుకొనిన లెక్క యది. ఒక త్రోపుడుబండి గల మనిషినుండి దానికి మించి ఆశించుట న్యాయము కాదు.

ఆ మనిషిని గూర్చియే అసలు సంగతి. ఇంటింటికి తిరిగి తడిచెత్తను, పొడిచెత్తను వేరుచేయు వారికి ఈ రాష్ట్రమున గ్రీన్ అంబాసిడర్లని బిరుదు. తెలుగున హరిత రాయబారులు. రాయబారికి ఏ రాజ్యములోనైనను జీతము తప్పదు. వీరికి స్వల్పమైన వేతనము సైతము నెలల తరబడి అందక ఆందోళనలు జరిగిన వార్తలు పత్రికలలో పలుమారులు వచ్చినవి. చెత్త సంపద యైనచో దానిని చేయువాడు తన కూలిని దానిలోనే చూచుకొనునను భావము ఎచ్చటనో నాటుకొనినది. వీథిదీపము వెలిగించుటవలన పంచాయతీకి లాభమెంత అని ఎవరును అడుగరు గదా! కాలువ పూడకుండుట, ఆవు కడుపులో సంచులు చేరకుండుట, తాబేళ్ళు గ్రుడ్లు పెట్టు శ్రీకాకుళపు తీరమున తెగిన నైలాను వలలు పడియుండకుండుట, ఇవియు దీపము వంటివే. వీటికి కూలి ముందు చెల్లవలెను. అమ్మకమువలన వచ్చినది పైలాభము.

పూనాలో చెత్త ఏరు శ్రామికులు 1993లో సంఘముగా నేర్పడి, 2008లో 'స్వచ్ఛ్' అను సహకార సంస్థ ద్వారా నగరపాలక సంస్థతో ఒప్పందము చేసికొనిరి. ఇంటివారు నెలకింత రుసుము చెల్లింతురు. ఏరిన వస్తువుల విక్రయధనము ఏరినవారిదే. రెండు ఆదాయములను వేరుగా నుంచుటలోనే కిటుకు ఉన్నది. పూనా ఎక్కడ, పొందూరు ఎక్కడ అని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సరియైనదే. గత్తపు కుప్పకు ఎన్నడును కాసు చెల్లింపని పల్లె గృహస్థు రుసుమనగా ముఖము చిట్లించును.

కనుక వేరొక చెల్లింపుదారుని చూడవలెను. ప్లాస్టిక్కు వ్యర్థముల నిబంధనలు 2016లో గ్రామములకును వర్తించినవి. పొట్లమును తయారుచేసిన వ్యాపార సంస్థయే దాని వ్యర్థమునకు బాధ్యత వహింపవలెనను విధానము 2022లో గట్టిపడినది. ఆ సంస్థలు నమోదైన కర్మాగారములనుండి ధ్రువపత్రములు కొనుచున్నవి. ఆ వెల కర్మాగారము చేతికి చేరును; ఊరి చివర ఏరిన చేతికి ఇంత అని నిబంధన చెప్పదు. స్వచ్ఛభారత్ రెండవ దశలో, 2020నుండి, ప్లాస్టిక్కు కేంద్రమునకు బ్లాకొక్కంటికి 16 లక్షల రూపాయల వరకు కేటాయింపు గలదు. యంత్రము కొనుటకు డబ్బున్నది, యంత్రము చెంత నిలుచు మనిషికి లేదు! మధురై ఆచార్యుడు వాసుదేవన్ చూపిన పద్ధతిలో సన్నని సంచులను ముక్కలు చేసి వేడి కంకరపై పూసి తారురోడ్డు వేయవచ్చును. జిల్లా రోడ్ల టెండరులలో ఆ ముక్కలను మండల కేంద్రమునుండియే నిర్ణీతమైన వెలకు కొనవలెనని షరతు పెట్టినచో వెల లేనిదానికి వెల వచ్చును.

పాఠశాలలు ఇందులో చేయగల పని యొకటి కలదు. చెత్త ఏరుట మాత్రము కాదు, అది పిల్లలచే ఉచితముగా చేయింపరాదు. ఒక వారము ఇంటి ప్లాస్టిక్కును వారిచే తూయింపవలెను. ఉల్లిపాయల వర్తకుడు కొనునది ఒక లెక్క, కొననిది మరియొక లెక్క. రెండవ లెక్కలోని పొట్లములపై నున్న కంపెనీల పేర్లు వ్రాయింపవలెను. వినతిపత్రము వ్రాయుట తెలుగు తరగతిలో ఎట్లును నేర్పునదే. ఆ జాబితాను గ్రామసభలో ఒక విద్యార్థిచే చదివించి, హరిత రాయబారికి ఈ నెల జీతము అందినదా అని ఆ సభలోనే అడిగింపవచ్చును.