గండుపిల్లికి మూత్రం బంధిస్తే కషాయం కాదు, శలాక కావాలి

గృహవైద్యం మీద నాకున్న నమ్మకం ఈ పత్రిక పాఠకులకు ఉన్నదానికంటే తక్కువ కాదు. ములుగులో మా పెరట్లో కొండపిండి, తెల్ల గలిజేరు వాటంతట అవే మొలుస్తాయి. పల్లేరు కాయలు కావాలంటే చేలగట్ల దాకా నడిస్తే చాలు. సంక్రాంతినాడు గొబ్బెమ్మలలో గరికతో పాటు గుచ్చే పిండికూరే మూత్రంలో రాళ్ళకు వాడే కొండపిండి అని ఎందరికో చూపించి చెప్పాను. మూత్రంలో మంట అన్నవారికి బార్లీ నీరు, రాయి ఉన్నదన్నవారికి ఉలవకట్టు చెప్పిన సందర్భాలకు లెక్క లేదు. అటువంటి నేను ఒక వ్యాధికి ఇంట్లో వైద్యం చేయవద్దని వ్రాయవలసి వస్తున్నది. గండుపిల్లికి మూత్రం బంధించటమే ఆ వ్యాధి.

పిల్లి జబ్బు గురించి ఇంత వ్రాయాలా అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. పూర్వం పిల్లిని ఎలుకల కోసం ఉంచుకునేవారు. అది నాలుగిళ్ళు తిరిగి, దొరికింది తిని, జబ్బు చేస్తే ఏ అటకమీదనో కన్ను మూసేది. "పిల్లి కనబడటం లేదు" అనుకుని ఊరుకునేవారు. ఇప్పుడు పరిస్థితి మారింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడిన తరువాత ఇక్కడకు బదిలీపై వచ్చిన ఉద్యోగుల ఇళ్ళలోను, స్థానికుల ఇళ్ళలోను పిల్లిని గదిలో ఉంచి, పేరు పెట్టి, బిడ్డవలె సాకుతున్నారు. దానికి నలత చేస్తే వైద్యం అడుగుతున్నారు. అడిగినప్పుడు సరైన మాట చెప్పటం మన బాధ్యత.

లోపల జరిగేదేమిటి?

ఆడపిల్లి మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. గండుపిల్లి నాళం పొడవైనది. పైగా చివరకు వచ్చేసరికి ఒక మిల్లీమీటరు కంటే కూడ సన్నగిల్లుతుంది. మూత్రాశయంలో ఇసుక రేణువులవంటి స్ఫటికాలు, జిగురు, వాచిన పొర నుంచి రాలిన కణాలు కలిసి ముద్దకట్టి ఆ సన్నని చోట బిరడావలె దిగుతాయి. ఒక్కొక్కప్పుడు చిన్న రాయే వచ్చి ఇరుక్కుంటుంది. మరికొన్నిసార్లు రాయి, బిరడా ఏదీ లేకుండానే, వాపువల్ల నాళం బిగుసుకుపోయి మూత్రం ఆగిపోతుంది.

దారి మూసుకున్నంత మాత్రాన మూత్రపిండాలు తమ పని మానవు. మూత్రాశయం నిండి, నిమ్మకాయవలె గట్టిపడి, బత్తాయి అంత అవుతుంది. ఒత్తిడి వెనక్కు తిరిగి మూత్రపిండాలను చేరుతుంది. అప్పుడు అవి చేతులెత్తేస్తాయి. బయటకు పోవలసిన మలినాలు, ముఖ్యంగా పొటాషియం, రక్తంలో పేరుకుంటాయి. పొటాషియం మితిమీరితే గుండె వేగం తగ్గి, లయ తప్పి, చివరకు ఆగిపోతుంది. పూర్తిగా బంధం పడిన పిల్లి ఒకటి రెండు రోజులలో విషమించి, మూడు రోజులు దాటకుండానే ప్రాణం విడుస్తుంది. ఇది మనుషుల రాతినొప్పివలె వారాల తరబడి మందులు వాడి చూసే వ్యాధి కాదు.

మన మందులు ఇక్కడ ఎందుకు పనిచేయవు?

కొండపిండి, పల్లేరు, గలిజేరు, బార్లీ, వీటన్నిటినీ మనం మూత్రలాలు అంటాము. అంటే మూత్రాన్ని అధికంగా పుట్టించేవి. దారి తెరిచి ఉన్నప్పుడు అది మేలు. చిన్న చిన్న రేణువులు ఆ ప్రవాహంలో కొట్టుకుపోతాయి. దారి పూర్తిగా మూసుకున్నప్పుడు అదే గుణం కీడు చేస్తుంది. తూము మూసుకుపోయిన చెరువులోకి మరొక కాలువ మళ్ళించినట్లే అవుతుంది. లక్నవరం, రామప్ప చెరువుల క్రింద వ్యవసాయం చేసే ప్రాంతంవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ముందు తూము తెరవాలి. తెరవకుండా నీరు నింపితే కట్టకు ప్రమాదం.

కొబ్బరినీళ్ళ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. మూత్రం సరిగా రాకపోతే "వేడి చేసింది" అనటం, వెంటనే కొబ్బరికాయ కొట్టటం మన ఇళ్ళలో ఆనవాయితీ. కొబ్బరినీళ్ళలో పొటాషియం పుష్కలంగా ఉంటుంది. అరటి దూట రసంలోనూ అంతే. ఆరోగ్యవంతునికి అది బలం. రక్తంలో పొటాషియం పేరుకుని గుండె నీరసిస్తున్న పిల్లికి అదే విషం.

వంటసోడా, సిట్రేటు మందులు మనుషులలో కొన్ని రకాల రాళ్ళకు ఇస్తారు. అవి మూత్రాన్ని క్షార గుణానికి మారుస్తాయి. పిల్లులలో తరచుగా కనిపించే రాళ్ళలో ఒకటైన స్ట్రూవైట్ ఏర్పడేదే క్షార మూత్రంలో. రెండవ రకమైన కాల్షియం ఆక్సలేటు రాయి అసలు మందుకు, ఆహారానికి కరగదు. ఏ రాయో పరీక్షించకుండా, మనిషికి పనిచేసింది కనుక పిల్లికీ పనిచేస్తుందనటం శాస్త్రం కాదు. మన పూర్వులు కూడ అలా అనలేదు. ఏనుగులకు పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదం, గుఱ్ఱాలకు శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రం వేరువేరుగా వెలిశాయంటే, ప్రాణిని బట్టి వైద్యం మారుతుందని వారు ఎరుగుదురనే కదా అర్థం!

మరొక పొరపాటు తరచుగా జరుగుతున్నది. పిల్లి మాటిమాటికి కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకుని ఆముదం పడతారు. నొప్పి తగ్గాలని పారాసిటమాల్ బిళ్ళ పొడిచేసి పాలలో కలుపుతారు. మనకు మామూలైన ఆ బిళ్ళ పిల్లికి ప్రాణాంతకం, ఒక్కటి చాలు.

సుశ్రుతుడు చెప్పిన హద్దు

ఇదంతా ఆయుర్వేదానికి వ్యతిరేకమని భావించేవారికి సుశ్రుత సంహితను జ్ఞాపకం చేస్తాను. అశ్మరిని, అంటే మూత్రాశయపు రాతిని, సుశ్రుతుడు ఎనిమిది మహావ్యాధులలో ఒకటిగా చేర్చాడు. చికిత్సాస్థానంలో అశ్మరికి ఘృతాలు, కషాయాలు, క్షారాలు వివరంగా చెప్పాడు. అక్కడే హద్దు కూడ గీశాడు. లేత రాయి ఔషధానికి లొంగుతుంది, పెరిగినది శస్త్రానికే లొంగుతుంది అన్నాడు. శస్త్రం చేయకపోతే మరణం నిశ్చయం, చేస్తే బ్రతకవచ్చు బ్రతకకపోవచ్చు, కనుక ప్రభువుకు తెలిపి శస్త్రం చేయమన్నాడు. మూత్రమార్గంలోకి దిగి ఇరుక్కున్న రాతిని ఆ మార్గం నుంచే తీయాలని, సాధ్యం కాకపోతే నాళాన్ని చీల్చి కొక్కెంతో లాగాలని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. అక్కడ కషాయం ప్రసక్తి తేలేదు.

అంతకంటే ముచ్చటైనది సూత్రస్థానంలో ఉన్నది. శలాకలనే సన్నని పరికరాలను వర్ణిస్తూ, మూత్రమార్గాన్ని శుద్ధి చేయటానికి మాలతీ పుష్పపు కాడ కొనంత గుండ్రదనం గల శలాక ఒకటి ఉండాలన్నాడు. అంటే మన జాజిపువ్వు కాడ కొన. నేడు పశువైద్యుడు గండుపిల్లికి మత్తు ఇచ్చి నాళంలోకి పంపే క్యాథెటర్ అనే గొట్టం సుమారు అంత సన్ననిదే. కాబట్టి పిల్లిని పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళే గృహస్థు ఆయుర్వేదాన్ని విడిచిపెట్టినట్లు కాదు. సుశ్రుతుని మాట పాటించినట్లే.

"మా పిల్లికి తగ్గిందే!"

ఈ మాట నేను తరచుగా వింటాను. అబద్ధమని అనను. పిల్లులకు మూత్రాశయం వాచి, చుక్కలు చుక్కలుగా, కొంచెం నెత్తురుతో మూత్రం వచ్చే జబ్బు ఉన్నది. ఇంట్లో అలజడి, కొత్త పిల్లి రావటం, ఇల్లు మారటం వంటి కారణాలతో అది వస్తుంది. దారి మూసుకోకపోతే ఎక్కువమందిలో వారం రోజులలో దానంతట అదే సర్దుకుంటుంది. ఆ వారంలో ఏది పోస్తే దానికి పేరు వస్తుంది. ఆడపిల్లికి పూర్తి బంధం పడటం బహు అరుదు కనుక అక్కడా మన కషాయమే గెలిచినట్లు కనిపిస్తుంది. ఆ కీర్తి విని గండుపిల్లికి అదే పోసినవారు నష్టపోతున్నారు.

మా వీధిలో ఒక ఉపాధ్యాయుల ఇంట జరిగినది ఇదే. నాలుగేళ్ళ గండుపిల్లి శుక్రవారం సాయంత్రం ఇసుక తొట్టెలో కూర్చుని అరవసాగింది. వేడి అనుకుని రెండు రోజులు బార్లీ నీరు, కొబ్బరినీళ్ళు చెంచాతో పట్టారు. ఆదివారం మధ్యాహ్నానికి వాంతులు మొదలై, పిల్లి నేలకు అతుక్కుపోయింది. అప్పుడు నాకు కబురు వచ్చింది. పొట్ట రాయివలె ఉన్నది, చెవులు చల్లబడ్డాయి. వెంటనే వాహనం మాట్లాడి వరంగల్లుకు బయలుదేరదీశాను. మల్లంపల్లి దాటకముందే అది తల వాల్చింది. ఆ ఇంట్లో ప్రేమకు కొదువ లేదు. డబ్బుకూ వెనుకాడలేదు. శుక్రవారం రాత్రే బయలుదేరి ఉంటే బ్రతకటానికి అవకాశం ఎంతో ఉండేది. ఆ రెండు రోజులను కాజేసినది గృహవైద్యం పేర మనం ప్రచారం చేసిన ధీమాయే.

గృహస్థులు చేయవలసినది

గండుపిల్లి మాటిమాటికి మూత్రానికి కూర్చుని, ముక్కి, అరిచి, చుక్క కూడ రాకుండా లేస్తున్నదా? క్రిందిభాగాన్ని అదేపనిగా నాకుతున్నదా? తిండి మాని మూలకు చేరిందా? వాంతి చేసుకున్నదా? తెల్లవారేదాకా ఆగవద్దు. పొట్టను నొక్కి మూత్రం తెప్పించబోవద్దు; మూత్రాశయం పగిలిపోవచ్చు. ఏమీ త్రాగించవద్దు. బుట్టలోనో పెట్టెలోనో మెత్తని గుడ్డ వేసి బయలుదేరండి. చివరిసారి మూత్రం ఎప్పుడు పోసిందో, ఏమి తిన్నదో, ఏమి పట్టారో వైద్యునికి దాచకుండా చెప్పండి.

వైద్యుడు ముందు రక్తనాళం ద్వారా ద్రవాలు ఎక్కించి, గుండె నీరసించి ఉంటే దానికి మందు ఇచ్చి, తరువాత మత్తులో గొట్టం పంపి బంధం విడిపిస్తాడు. గొట్టాన్ని ఒకటి రెండు రోజులు ఉంచవలసి రావచ్చు. అంతటితో అయిపోయిందనుకోకూడదు, కొద్ది రోజులలోనే మళ్ళీ బంధం పడేవి ఉన్నాయి. పదేపదే వస్తే నాళపు సన్నని చివర తొలగించి దారి వెడల్పు చేసే శస్త్రచికిత్స ఉన్నది. రాయి స్ట్రూవైట్ అయితే వైద్యుడు సూచించిన ప్రత్యేకాహారంతో కొన్ని వారాలలో కరుగుతుంది.

ఇక ఇల్లాలి చేతిలో ఉన్న వైద్యం ఇక్కడ మొదలవుతుంది. ఇందులో మనకు ఎవ్వరూ సాటిరారు. పిల్లి ఎడారి జంతువుల సంతతి. దాహం తక్కువ, మూత్రం చిక్కన. దానికి ఎంత నీరు లోపలికి పోతే అంత మేలు. ఎండు గుళికలే పెట్టకుండా, ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసమో చేపో ఆ ఉడికిన నీటితో సహా కలిపి పెట్టండి. రెండు మూడు చోట్ల వెడల్పాటి గిన్నెలలో మంచినీరు ఉంచి రోజూ మార్చండి. శాకాహార గృహాలవారు నొచ్చుకోకూడదు. పిల్లి పుట్టుకతో మాంసాహారి. పాలన్నం, పెరుగన్నం మాత్రమే దానికి చాలవు. పైగా ధాన్యాహారం మూత్రాన్ని క్షార గుణానికి త్రిప్పుతుంది. ఇసుక తొట్టె ఇంట్లోనే ఉంచి ప్రతి ఉదయం చూడండి. ఎన్ని ముద్దలు తడిసి ఉన్నాయో లెక్క తెలిస్తే, తడి లేని రోజు వెంటనే తెలుస్తుంది. ఒళ్ళు పెరగనివ్వకుండా రోజూ కాసేపు ఆడించండి.

పశువైద్యశాలలకు ఒక మనవి

మా ప్రాంతపు పశువైద్యులకు మూత్రబంధం క్రొత్తది కాదు. ఎద్దులకు, తవుడు ఎక్కువగా మేపిన మేకపోతులకు ఈ బాధ రావటం, వారు విడిపించటం రైతులు ఎరిగినదే. పిల్లికి కావలసినది అదే విద్య, మరింత సన్నని గొట్టం. ఆ గొట్టం, దానికి తగిన మత్తుమందు జిల్లా కేంద్రంలోని పశువైద్యశాలలోనైనా సదా సిద్ధంగా ఉంచటం పెద్ద వ్యయం కాదు. ఏటూరునాగారం నుంచి, తాడ్వాయి నుంచి వరంగల్లు దాకా పోయే పిల్లికి దారిలోనే పుణ్యకాలం గడిచిపోతుంది.

పాఠకులు కూడ ఈ వారమే ఒక పని చేయాలి. మీ పశువైద్యశాలకు వెళ్ళి, "గండుపిల్లికి మూత్రం బంధిస్తే ఇక్కడ గొట్టం వేస్తారా? రాత్రివేళ ఎవరున్నారు?" అని అడగండి. లేదంటే వరంగల్లులో ఎవరు చేస్తారో, మామునూరు పశువైద్య కళాశాలలో ఏ వేళలలో చూస్తారో తెలుసుకుని, ఫోను నంబరు గోడమీద పంచాంగం ప్రక్కన వ్రాసి పెట్టండి. కొండపిండి పెరట్లో పెరగనివ్వండి, దాని అవసరం మనకు ఎప్పుడూ ఉంటుంది. పిల్లి తొట్టెలో తడి కనిపించని నాడు మాత్రం చూడవలసినది ఆ గోడమీది నంబరునే.